బాపు యాది మరుస్తున్నడా? రేపటి దాకా ఆగొద్దు

రాత్రి పదిన్నరైంది. అవ్వ తలుపు గడియ పెట్టబోతుంటే బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కాళ్లకు బూట్లు, భుజాన తువ్వాల, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. "ఎటు పోతున్నవ్?" అని అవ్వ అడిగితే, "నైట్ షిఫ్టు గదా, ల్యాంపు తీస్కోవాలె. ఆలస్యమైతే మస్టర్ పడది" అన్నాడు. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి అప్పటికి పదకొండేళ్లు. పనిచేసిన బొగ్గు బాయి మూతపడి కూడా చాలా ఏళ్లయింది. పరాచికమాడుతున్నాడనుకుని అవ్వ నవ్వింది. బాపు నవ్వలేదు. తలుపు తియ్యమని గట్టిగా అరిచాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె మీద అంతగా గొంతు లేపడం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఫోన్‌లో ఇదంతా విని, రోగం ఇవాళే మొదలైందనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటే తెలిసింది, మొదలై రెండేళ్లు దాటిందని. పెన్షన్ పడిందా అని ఒక్క పూటలో నాలుగుసార్లు అడిగేవాడు. కూరగాయల మార్కెట్ దగ్గర బండి పెట్టి నడుచుకుంటూ ఇంటికొచ్చి, బండి ఎవరో ఎత్తుకపోయిండ్రని పంచాయితీ పెట్టాడు. చిట్టీ లెక్కలు వేళ్ల మీద చెప్పే మనిషి, పాలాయనకు ఒకే నెలలో రెండుసార్లు డబ్బులిచ్చాడు. చిన్ననాటి దోస్తు ఇంటికొస్తే పేరు తట్టక, పేరు అవసరం రాకుండా గంటసేపు మాట్లాడి పంపించాడు. ప్రతిసారీ మా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "వయసు మీద పడ్డది." "చెవులు సరిగ వినపడ్తలేవు." "చాదస్తం."

మన బొగ్గు గనుల ఊళ్లలో, గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో, ఎన్టీపీసీ చుట్టుపక్కల, ఈ పూట ఎన్నో ఇళ్లలో ఇవే మాటలు అంటున్నారు. ఆ ఇళ్లవాళ్ల కోసమే ఈ హెచ్చరిక. మీ నాయిన, మీ అమ్మ మునుపటిలా లేరని మనసులో ఏ మూలనో తోస్తుంటే, దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. ఇందులో చేయగలిగిన పనుల్లో చాలావాటిని మొదటి ఏడాది రెండేళ్లలోనే చేయాలి. ఆ తర్వాత వాటికి దారులు మూసుకుపోతాయి. కొన్ని ఆస్పత్రిలో, కొన్ని బ్యాంకులో, కొన్ని రిజిస్ట్రార్ ఆఫీసులో.

ఈ యాది తప్పే జబ్బును డిమెన్షియా అంటారు. ఎక్కడో ఒకరికి వచ్చే అరుదైన జబ్బేమీ కాదు. దేశమంతటా పెద్దవాళ్లను పరీక్షించి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. చదువుకునే అవకాశం దొరకనివాళ్లలో, ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. మన బొగ్గు బాయిల్లో డెబ్బైలలో, ఎనభైలలో ఉద్యోగంలో చేరిన తరమంతా ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది.

బాయి పని తెలిసినవాళ్లకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటారు. గల్లుమంటే గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే లోపల పొర వదులైనట్టు, వెంటనే సపోర్టు పెట్టాలి. ముక్క రాలేదాకా చూద్దామని ఏ సపోర్ట్‌మన్ కూడా ఆగడు. అంతటి జాగ్రత్తతో ముప్పై ఏళ్లు బతికిన మనిషి ఇంట్లో బోలుగా మోగుతుంటే మనం మాత్రం ముక్క రాలేదాకా ఆగుతున్నాం.

మరి ఏది మామూలు మరుపు, ఏది కాదు? తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోవడం అందరికీ ఉన్నదే. తాళంచెవి చేతిలో పట్టుకుని దీంతో ఏం చేయాలని ఆలోచిస్తూ నిలబడితే అది వేరు. పేరు మరిచి సాయంత్రానికి గుర్తు తెచ్చుకుంటే భయం లేదు. చెప్పిన సంగతే పది నిమిషాలకు మళ్లీ మొదటిసారి చెబుతున్నట్టు చెబితే, తెలిసిన గల్లీలో దారి తప్పితే, ఏళ్లుగా చేసిన పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తే, ఎప్పుడూ లేని అనుమానాలు మొదలై "నా పైసలు కోడలు తీసింది" అంటుంటే, ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కొందరిలో మరుపు కన్నా ముందు స్వభావం మారుతుంది. నెమ్మదస్తుడు తిట్లకు దిగుతాడు. పదిమందిలో తిరిగే మనిషి మంచం దిగడు. దాన్ని ఇంట్లోవాళ్లు కోపంగానో, అలకగానో చూస్తారు.

డాక్టర్ దగ్గరికి ఎందుకంత తొందర? ఈ జబ్బుకు మందు లేదు గదా అని చాలామంది అంటారు. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌ను నయం చేసే మందు లేదన్నది నిజమే. డోనెపెజిల్, మెమాంటిన్ లాంటివి కొందరికి కొంతకాలం ఆసరా అవుతాయి, అంతే. కానీ యాది తప్పిన ప్రతి మనిషికీ ఉన్నది అల్జీమర్సేనని మీకెవరు చెప్పారు? థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తక్కువైనా, ఒంట్లో సోడియం పడిపోయినా మనిషి అచ్చం అలాగే తయారవుతాడు. మనసు కుంగినా అంతే. ఏళ్లుగా మింగుతున్న నిద్ర మాత్రలు, కొన్ని రకాల జలుబు మాత్రలు కూడా బుద్ధిని మందగింపజేస్తాయి. వీటిలో చాలావాటిని మామూలు రక్తపరీక్షలతో, వాడుతున్న మాత్రల చీటీ చూసి పట్టుకోవచ్చు, సరిచేయవచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. పెద్దాయన బాత్రూంలో జారిపడతాడు. తలకు చిన్న బొప్పి కడుతుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. మూడు నాలుగు వారాలకు మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మబ్బుగా ఉంటాడు. వయసు అంటారు. నిజానికి ఆ దెబ్బకు పుర్రె లోపల, మెదడు పైన రక్తం కొద్దికొద్దిగా చేరి నొక్కుతుంటుంది. ఒక్క సీటీ స్కాన్‌తో బయటపడుతుంది. సకాలంలో ఆపరేషన్ చేసి ఆ రక్తం తీసేస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. గత రెండు మూడు నెలల్లో కింద పడ్డారా అని ఇవాళే అడగండి. వాళ్లకు గుర్తుండకపోవచ్చు, ఇంట్లో మిగతావాళ్లను అడగండి.

ఇంకో మాట కల్లు గురించి. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణలో ఎన్ని కుటుంబాలను ముంచిందో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి అది తాగిన పెద్దమనిషికి యాది మందగిస్తుంది. అలాగని భయపడి ఒక్కరోజులో మానిపిస్తే ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, వినబడతాయి. రెండూ ప్రమాదమే. డాక్టర్‌కు దాచకుండా చెప్పి మెల్లగా మానిపించాలి. సారా, బ్రాందీ అలవాటున్నవాళ్లలో బి1 విటమిన్ లోపంతో జ్ఞాపకం దెబ్బతినడం కూడా ఉంది. దాన్నీ ముందే పట్టుకోవాలి.

గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి అయోమయంలో పడితే మాత్రం వారం కూడా ఆగొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, వడదెబ్బ, పక్షవాతం, వీటిలో ఏదైనా కావచ్చు. అదే రోజు, అదే గంటలో ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది చెవుల గురించి. డిమెన్షియాకు దారితీసే, మనం సరిచేయగల కారణాలు పద్నాలుగు ఉన్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా కేసులు తగ్గుతాయో, ఆలస్యమవుతాయో అని లెక్కగట్టింది. ఆ జాబితాలో చెడు కొలెస్టరాల్‌తో పాటు అన్నిటికన్నా పైన ఉన్నది వినికిడి లోపం. డ్రిల్లు మోత, బ్లాస్టింగ్, బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాల రొద మధ్య ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లు మన నాయినలు. వినపడక, అడిగిందే అడగలేక, పదిమందిలో కూర్చోవడం మానేసి మూలకు చేరతారు. మాట్లాడే మనిషి లేక మెదడు ఇంకా మందగిస్తుంది. తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ఈ పేర్లు చదువుతుంటే మన కాలనీల గురించే రాశారా అనిపించింది. చెవి మిషన్ పెట్టుకోవడం నామోషీ అనుకోకండి. బాపుకు మేము ఆ మిషన్ కొన్నది ఐదేళ్లు ఆలస్యంగా. ఆ ఐదేళ్ల గురించి తలుచుకోని రోజు లేదు.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం వెల్లడించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఒకే భాష తెలిసినవాళ్ల కన్నా జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. అక్షరం రానివాళ్లలో కూడా ఈ ఆలస్యం కనబడింది. తెలుగు, హిందీ, ఉర్దూ కలగలిసి మోగే మన బాయిల మీద దాదాపు అందరూ రెండో భాష నేర్చినవాళ్లే. దిగిపోయి క్వార్టర్ ఖాళీ చేయగానే ఆ మాటలు, ఆ మనుషులు ఒక్కసారిగా దూరమవుతారు. ఒకరు సొంతూరికి, ఒకరు హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌కు. పొద్దున పూట చాయ్ హోటల్ దగ్గర నలుగురు పాత దోస్తులతో గంట కూర్చోవడాన్ని కాలక్షేపం కింద కొట్టెయ్యకండి. అది ఆయన మెదడుకు మేత.

ఆస్పత్రి సంగతి అయింది. ఇక రెండో ప్రమాదం, సంతకం. ఇక్కడ నేను గొంతు పెంచి చెప్పదలుచుకున్నాను.

గని కార్మికుడికి జీవితంలో ఒక్కసారే పెద్ద మొత్తం చేతికొస్తుంది. గ్రాట్యుటీ, పీఎఫ్. అది బ్యాంకులో పడిన రోజు నుంచి అప్పులవాళ్లు, ప్లాట్ల బ్రోకర్లు, చిట్టీలవాళ్లు గడప తొక్కడం మొదలుపెడతారు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్ తాకట్టు పెట్టించుకుని వడ్డీకిచ్చే అలవాటు ఈ బెల్టులో పాతదే. యాది తప్పుతున్న మనిషి ఎవరికి ఎంతిచ్చాడో, ఏ ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టాడో చెప్పలేడు. మా ఇంట్లో ఏటీఎం కార్డు కవర్ మీదే బాపు చేతిరాతతో పిన్ నంబర్ కనబడింది. నాలుగు అంకెలు, పైన కొట్టివేతలు. గుర్తుంచుకోవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించాడో ఆ కొట్టివేతలే చెప్పాయి. పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించే దొంగలకు ఇలాంటి మనిషే కావాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయాలి.

చాలామందికి తెలియని చట్టం ముక్క ఒకటి ఉంది. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలు, ఎప్పటికీ పనికొస్తుందని అనుకుంటారు. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోయిననాడు ఆ కాగితం చెల్లుబాటు కూడా పోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆ మాట చెబుతుంది. ఆ తర్వాత తండ్రి ఖాతాలోంచి తండ్రి మందులకు డబ్బు తీయాలన్నా సంరక్షకుడిగా నియమించమని కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. కాబట్టి ఆయనకు తెలివి ఉండగానే, ఆయన్ను కూర్చోబెట్టి, ఆయన ఇష్టం అడిగి పనులు చక్కబెట్టండి. బ్యాంకు ఖాతాను అవ్వతో కలిపి జాయింట్ చేయించండి. నామినీ పేర్లు సరిచూడండి. వీలునామా రాస్తానంటే ఇద్దరు సాక్షులతో, ఆయన అర్థం చేసుకునే రాస్తున్నారని డాక్టర్ సర్టిఫికెట్‌తో రాయించండి. పింఛను కాగితాల్లో అవ్వ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో చూడండి. ఆయన పోయాక ఒక్క అక్షరం తేడా కోసం ఆ ముసలమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావడం ఇక్కడ కొత్త కాదు.

మతి తప్పిన తండ్రి చేత వేలిముద్ర వేయించుకునే కొడుకులకూ ఇదే హెచ్చరిక. అర్థం కాని స్థితిలో పెట్టిన సంతకం కోర్టులో నిలవదు. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయగలదు. బాధ్యత ఉన్నవాళ్లు వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు ఉంది. పక్కింట్లో ఇలాంటిది జరుగుతుంటే 14567 ఎల్డర్‌లైన్‌కు మీరైనా ఫోన్ చేయండి.

మూడో ప్రమాదం రోడ్డు మీద ఉంది. రాత్రి పదిన్నరకు బూట్లేసుకున్న బాపు ఆ తర్వాత ఒక వేకువన గడియ తీసుకుని నిజంగానే వెళ్లిపోయాడు. రెండు గంటల తర్వాత, మూతపడిన బాయి దారిలో ముళ్లచెట్ల మధ్య కూర్చుని ఉండగా ఒక ఆటో డ్రైవర్ గుర్తుపట్టి తీసుకొచ్చాడు. చొక్కా జేబులో మా నంబర్ లేదు. ఆ డ్రైవర్ ఆయన్ను ఎరిగినవాడు కావడం మా అదృష్టం. అటు గోదావరి, ఇటు రైలు పట్టాలు, ఓపెన్‌కాస్టు గుంతలు, బొగ్గు లారీలు. ఏప్రిల్, మేలలో రామగుండం ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. దాహం వేస్తోందని చెప్పడం కూడా మరిచిపోయిన మనిషి ఆ ఎండలో ఎంతసేపు నిలుస్తాడు?

ఎండే కాదు, మనుషులూ చంపుతారు. 2018 మేలో వాట్సాప్ పుకార్లు నమ్మి, పిల్లల దొంగలనుకుని తెలంగాణలో అమాయకులను కొట్టి చంపారు. వేళగాని వేళ తెలియని ఇంటి ముందు నిలబడి, పేరడిగితే చెప్పలేక, తలుపు కొట్టే ముసలాయనను ఊహించుకోండి. ఒక్కతే గొణుక్కుంటూ రాత్రిపూట తిరిగే ముసలమ్మ మీద చేతబడి చేస్తోందని నింద వేయడానికి మన దగ్గర ఎంతసేపు పడుతుంది? ఆమెకు దయ్యం పట్టలేదు. గాలి సోకలేదు. మెదడుకు జబ్బు చేసింది. భూతవైద్యుడి దగ్గర పోగొట్టే మూడు నెలలు తిరిగి రావు.

అందుకే ప్రతి చొక్కా లోపల, కాలర్ కింద ఫోన్ నంబర్ రాయండి. కిరాణం షాపతనికి, ఆటో స్టాండుకు, చాయ్ హోటల్‌కు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు ఫొటో ఇచ్చి సంగతి చెప్పండి. దాచిపెడితే పరువు నిలవదు, మనిషి పోతాడు. కనబడకపోతే "వస్తాడులే" అని కూర్చోకుండా వెంటనే 100కు ఫోన్ చేయండి. బండి తాళాలు దాచండి. రాత్రి గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి.

ఇంట్లో ఎలా మసలాలో నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. అవ్వ దగ్గర నేర్చుకున్నాను. మొదట్లో మేమంతా వాదించేవాళ్లం. "బాపూ, నువ్వు దిగిపోయినవ్, బాయి మూసేసిండ్రు" అంటే ఆయనకు ప్రతి రాత్రీ అది కొత్త వార్తే. ప్రతి రాత్రీ ఉద్యోగం పోయిన మనిషిలా కుమిలిపోయేవాడు. ఒకరోజు అవ్వ, "ఇయ్యాల ప్లేడే గదా, షిఫ్టు లేదు" అంది. బాపు ఒక్క క్షణం ఆగి, "అవునా" అని బూట్లు విప్పాడు. అంతే. ఆ తర్వాత మా ఇంట్లో వారానికి ఏడు ప్లేడేలు. నేనెవరో చెప్పు, ఇతను ఎవరు, నిన్న ఏం తిన్నవ్ అని పరీక్షలు పెట్టకండి. ప్రశ్నకు జవాబు రాకపోతే వాళ్లు పడే సిగ్గు వాళ్లకు తెలుస్తుంది, అది చాలాసేపు ఉంటుంది. ఉన్నచోటు నుంచి హఠాత్తుగా హైదరాబాద్‌కు మార్చకండి. అలవాటైన గోడలు, అలవాటైన కుళాయి, అలవాటైన వేపచెట్టు వాళ్లకు సగం యాది.

అవ్వ సంగతి ఎవరూ అడగరు. రాత్రి రెండుసార్లు లేచి, పగలు కాపలా కాసి, బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోయి, ఆమె ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. రోగిని చూసుకునే మనిషే ముందు కూలిపోవడం ఈ జబ్బులో మామూలు. దూరాన ఉన్న కొడుకులూ, అత్తారింట ఉన్న బిడ్డలూ డబ్బు పంపి చేతులు దులుపుకోకండి. వారానికి ఒక పూట వచ్చి కాపలా కాయండి, ఆమెను నిద్రపోనివ్వండి. మనసు భారంగా ఉంటే 14416 టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లున్నారు.

బొగ్గు గనుల యాజమాన్యానికి, పీఎఫ్ అధికారులకు, యూనియన్లకు ఒక్క విన్నపం. పింఛనుదారు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. బతికి ఉన్నాడా లేదా అని మాత్రమే అప్పుడు చూస్తున్నాం. అదే రోజు, అదే బల్ల దగ్గర, ఒక నర్సును కూర్చోబెట్టి ఐదు నిమిషాల జ్ఞాపకశక్తి పరీక్ష, చెవి పరీక్ష చేయించలేమా? తెలుగులో పరీక్షలు తయారై ఉన్నాయి. రామగుండంలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది, గోదావరిఖనిలో ఏరియా ఆస్పత్రి ఉంది. వారానికి ఒక్క పూట మెమరీ క్లినిక్ నడిపితే ఎన్ని ఇళ్లకు హైదరాబాద్ బస్సు ఎక్కే పని తప్పుతుంది! నాయకులు వచ్చే వేతన ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు, జెండా మోసి దిగిపోయినవాళ్ల గురించి ఈ ఒక్క డిమాండ్ కూడా పెట్టాలి.

అది జరిగేదాకా మీరు ఆగొద్దు. ఈ ఆదివారం వాళ్లు మింగుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేయండి. మీరు గమనించిన మార్పులు, మొదటిసారి ఎప్పుడు చూశారో తేదీలతో ఒక కాగితం మీద రాయండి. మెడికల్ కార్డు, పాత రిపోర్టులు వెతికి పెట్టండి. పరీక్షకని చెబితే రారు, బీపీ చూపించుకొద్దాం పద అనండి. సోమవారం పొద్దున ఓపీ చీటీ రాయించండి.